అద్దం అవతలి ఎండ

నేను తల కదిపితే నాలుగో వాక్యం బయటపడుతుంది, కాబట్టి కదపకూడదు. జంతువుల ఆసుపత్రిలో బయటి గది, గోడకు ఆనించి వేసిన బల్ల, ఆ బల్ల మీద గడకర్ర మింగినవాడిలా నిటారుగా నేను, నా తల వెనక గోడకు అంటించిన రంగుల కాగితం. ‘మీ బుల్లి తాబేలు డిప్ప బాగా పెరుగుతోందా?’ అని పైన పెద్దక్షరాలు, కింద ఏడు వాక్యాలు, పక్కన నవ్వుతున్న తాబేలు బొమ్మ. తాబేలు నవ్వగా ఎవరు చూశారో నాకు తెలియదు. మా అమ్మడు చేతులు కడుక్కోవడానికి వెళ్లిన రెండు నిమిషాల్లో ఏడూ చదివేశాను. ఆరింటితో నాకు పేచీ లేదు. నాలుగోది మాత్రం మూడుసార్లు చదివాను. ‘కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, డిప్పను గట్టిపరిచే కిరణాలను అద్దం లోపలికి రానివ్వదు.’ ఇరవై రెండేళ్లుగా అద్దాలు కోసి బిగించే పని నాది. ఏ అద్దం ఏ కిరణాన్ని రానిస్తుందో, ఏది ఎంత ఆపుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ సంగతిని ఒక పసి తాబేలు వైపు నుంచి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినపడగానే గబుక్కున వచ్చి, ఆ వాక్యానికి నా తలను అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మడు వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంది. నా పక్కన కూర్చుంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కానీ నా పక్కన కిటికీ ఉంది, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది, అమ్మడు ఎండలో కూర్చోదు. పదకొండేళ్ల పిల్ల. వెడల్పు అంచు టోపీ, మణికట్టు దాకా చేతులున్న చొక్కా, తెల్లటి నూలు తొడుగులు. కొత్తవాళ్లు తేనెపట్టు కొట్టడానికి వెళుతున్నావా అని వేళాకోళం చేస్తే, అవునండీ, మీ ఇంట్లో పట్టు ఉందా అని అడుగుతుంది. కాబట్టి దాన్ని చూసి జాలిపడబోయినవాళ్లు నాలిక కరుచుకుని పోతారు. దానికున్న అసలు జబ్బు చదవడం. మందు సీసాల మీది చీటీలు, సబ్బు పెట్టె వెనక సన్న అక్షరాలు, మా దుకాణంలో అద్దాల మీద అంటించి వచ్చే కాగితాలు, ఏదైనా సరే మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివితే గాని వదలదు. ఇప్పుడు ఎదురుగా గోడ, గోడ మీద కాగితం, కాగితం మీద తాబేలు. ఇంక చెప్పాలా.

“నాన్నా, కాస్త జరుగు, నీ తల అడ్డమొస్తోంది.”

“నడుం పట్టేసిందమ్మా. కదిలితే కలుక్కుమంటోంది.”

“నిన్న పెద్ద అద్దం ఒక్కడివే ఎత్తావా?”

అవునన్నాను. నిన్న పని కూడా లేదు నాకు. ఆడిన అబద్ధానికి తగ్గట్టు మొహం కూడా కాస్త వంకర పెట్టాను. అది పాపం జాలిగా చూసి, కనపడ్డవే చదువుకోవడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ. “పలకల అంచుల్లో లేత రంగు చార కనపడితే డిప్ప పెరుగుతోందని అర్థం. మన మేస్త్రికి ఉంది కదా నాన్నా, ఆ చార.” ఉందమ్మా అన్నాను. “పలకల మీది గీతలు లెక్కపెట్టి వయసు చెప్పలేము. చూశావా, నేను చెప్తే నువ్వు నమ్మలేదు.” నమ్మలేదమ్మా అన్నాను. మూడోది తేమ గురించి, గాలి మరీ పొడిగా ఉంటే పలకలు గుట్టల్లా లేస్తాయని. ఆ తర్వాత నా తల. నా తల కింద అయిదోది. చెమట మెడ మీదుగా దిగుతోంది గాని తుడుచుకోవడానికి చెయ్యెత్తితే భుజం కదులుతుంది, భుజం కదిలితే తల కదులుతుంది. ఇరవై రెండేళ్లు అద్దాలు పట్టుకున్నవాడికి కదలకుండా నిలబడటం కొత్త కాదు గాని, ఇంత తేలికైన దాన్ని ఇంత కష్టంగా ఎప్పుడూ పట్టుకోలేదు.

మేస్త్రి అంటే మా తాబేలు. లోపలి గదిలో దానికి ఎక్స్‌రే తీస్తున్నారు. ఆ పేరు పెట్టింది అమ్మడే. తాబేలు వచ్చిన మొదటి రోజే గది నాలుగు గోడల వెంటా మెల్లగా నడిచి, ప్రతి మూలా ఆగి, తలెత్తి చూసి, ఏదో బాగాలేదన్నట్టు మొహం పెట్టి ముందుకు సాగింది. మీ పనిలో మేస్త్రి కూడా అంతే నాన్నా, నువ్వు చెప్పావు కదా, పని చెయ్యడు, తనిఖీ చేస్తాడు అంది. అప్పుడు మేస్త్రి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద, రెండు నెలల పిల్ల. ఒక పంతులమ్మగారి ఇంట్లో వరండాకు అద్దాలు బిగిస్తుంటే ఆవిడ పెరట్లో తాబేలు గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయని తెలిసి, మా అమ్మాయి పగలు బయట తిరగలేదండీ, ఇంట్లో తోడుగా ఉంటుంది అని నేనే అడిగాను. నేనే. ఆవిడ అరచేతిలో పెట్టి ఇస్తూ, ఆకులు పెట్టు, నీళ్లు పెట్టు, రోజూ ఎండ తగలనియ్యి, అంతకుమించి ఏమీ అడగదు ఇది అంది. ఎండకేం కొదవండీ, మా ఇంట్లో ఈ ఊళ్లో ఎవరికీ లేనంత మంచి కిటికీ ఉంది అన్నాను. గొప్పలు చెప్పుకోవడం మా పనిలో సగం. ఆవిడ అద్దం సంగతి ఎందుకు అడుగుతుంది, ఆవిడకు పెరడు ఉంది.

ఆ కిటికీ. అమ్మడికి నాలుగేళ్లప్పుడు మొదటిసారి చేతులనిండా దద్దుర్లు లేచి, నీటిబుగ్గలై, రాత్రంతా ఏడ్చింది. ఏదో పురుగు పాకిందనుకున్నాం. తర్వాత తిండి అనుకున్నాం, సబ్బు అనుకున్నాం, దిష్టి అని కూడా అనుకున్నాం. చివరికి చర్మం డాక్టరు చెప్పాడు, ఎండలో ఉండే ఒక రకం కిరణాలు ఈ పిల్ల ఒంటికి పడవు, మామూలు కిటికీ అద్దం వెనక కూర్చున్నా సగం ముప్పే అని. వెలుతురు కావాలి, ఆ కిరణాలు వద్దు. ఆ మాట వినగానే నా గుండె బరువు దిగింది అంటే ఎవరూ నమ్మరు. ఎందుకంటే దానికి మందు నా చేతిలో ఉంది. రెండు అద్దాల మధ్య సన్నటి పొర పెట్టి అతికించిన రకం ఒకటి వస్తుంది. వెలుగుకు వెలుగు వస్తుంది, వెచ్చదనానికి వెచ్చదనం వస్తుంది, ఆ కిరణాలు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు బయటే ఆగిపోతాయి. మంచిదొకటి ఏరి తెచ్చి, పాత చట్రం పీకేసి, చేత్తో తడిమి, వేలితో కొట్టి, చప్పుడు సరిచూసి బిగించాను. కింద వెడల్పుగా అరుగులాంటి బల్ల కట్టాను. ఆ రోజు అమ్మడు టోపీ లేకుండా, పొట్టి చేతుల గౌనుతో, ఎండలో కూర్చుని కాళ్లు ఊపింది. నా పనితనం ఎంతమంది మెచ్చుకున్నారో లెక్కలేదు గాని, ఆ కాళ్లు ఊగడం చూసినప్పుడు కలిగిన గర్వం మళ్లీ కలగలేదు.

ఆ బల్ల మీదే మేస్త్రికి కాపురం పెట్టాం. మట్టి పోసిన వెడల్పాటి పెట్టె, ఓ పెంకుముక్క కింద గూడు, మూలన నీళ్ల పళ్లెం. పొద్దున్నే ఎండ పడగానే మేస్త్రి గూట్లోంచి వచ్చి, నాలుగు కాళ్లూ చాపి, మెడ సాగదీసి, కళ్లు మూసుకుని పడుకునేది. పక్కన అమ్మడు, అదీ కళ్లు మూసుకుని. ఇద్దరికీ వెచ్చగా ఉండేది. వెచ్చగా ఉంది కాబట్టి ఎండ తగులుతోందని దానికీ తెలిసి ఉండదు, నాకూ తెలియలేదు. ఎండ అంటే వెచ్చదనమే అనుకుని ఆ జీవి గంటలకు గంటలు ఆశగా ఒళ్లు పరిచి పడుకుని ఉంటుంది కదా, వచ్చేది రాకుండానే. పద్నాలుగు నెలలు. దీని గురించి ఆలోచిస్తే నాకు ఒళ్లు మండుతోంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అద్దం మందం కొలిచే నా కాలిపర్‌తో ప్రతి ఆదివారం మేస్త్రిని కొలిచేది అమ్మడు. ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, అన్నీ నోటుపుస్తకంలో. పెరుగుతుంటే మురిసిపోయాం. పెరగడం అంటే బాగుండటమే అనుకున్నాం. పలకలు ఒక్కోటీ మధ్యలో గుట్టలా లేస్తుంటే అందం వస్తోందనుకున్నాను, నా భార్యను పిలిచి చెక్కడపు పనిలా లేదూ అన్నాను కూడా. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఆవిడ నవ్వింది. అయిదారు నెలలప్పుడో ఏమో అమ్మడు ఒకసారి, నాన్నా, డిప్ప వెనకవైపు నొక్కితే కొంచెం లోపలికి పోతోంది అంది. నేను చేస్తున్న పని ఆపకుండానే, పసిపిల్లల మాడు కూడా అంతే అమ్మా, నీదీ అలాగే ఉండేది, ఏడాది తిరిగేసరికి గట్టిపడుతుంది అన్నాను. ఎంత ధీమాగా అన్నానో. నాకు తెలియదు అనే మాట ఒక్కటి నోట్లోంచి వస్తే నా సొమ్మేం పోయేది? మా ఇంట్లో నాకు ఒక బిరుదు ఉంది, ‘అన్నీ తెలిసినాయన’ అని. నా భార్య వంటగదిలోంచి పిలుస్తుంది, అన్నీ తెలిసినాయనా, నీళ్లు కాగాయో లేదో చూడు అని. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆవిడ ఎక్కడో విని వచ్చి, తాబేళ్లకు ఏదో దీపం పెట్టాలట కదా, మా కుట్టు కంపెనీలో ఒకావిడ చెప్పింది అంటే, సూర్యుడు ఎదురుగా కూర్చుని ఉంటే దీపం దేనికి అన్నాను. ఆవిడ సరే అంది. నేను చెప్పాను కాబట్టి సరే అంది.

గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా, మూలన కూర్చున్న పెద్దాయన ఒళ్లో పంజరంలో చిలక “ఎవరూ?” అని అరుస్తోంది. దానికి ఆ ఒక్క మాటే వచ్చట. ఎవరు చేశారు ఈ పని అని అడిగినట్టే ఉంది నాకు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఉలిక్కిపడటం, ఉలిక్కిపడితే తల కదులుతుందని భయపడటం. పెద్దాయన నా అవస్థ చూసి, “నడుం నొప్పికి పడుకుంటేనే సుఖం బాబూ, ఇలా కూర్చుంటే తగ్గదు,” అన్నాడు. “కాస్త వంగి చూడండి, బిగువు వదులుతుంది.” వంగితే వదిలేది బిగువు ఒక్కటే కాదు పెద్దాయనా. పరవాలేదండీ అన్నాను. అమ్మడు చిలక దగ్గరికి వెళితే బాగుండును. వెళ్లలేదు. అయిదోది చదువుతోంది. నడిచేటప్పుడు ఒళ్లు నేలకు తగలకుండా లేపి నడవాలి, ఈడ్చుకుంటూ నడిస్తే అనుమానించాలి. అది చదివి లోపలి గది తలుపు వైపు చూసింది. ఇరవై రోజులుగా మేస్త్రి ఒళ్లు ఈడ్చుకుంటూనే నడుస్తోంది. మొన్నటి నుంచి అదీ లేదు, పెట్టిన చోటే ఉంటోంది. ఈ పొద్దున పాలకూర ముక్క మూతి దగ్గర పెడితే నోరు తెరిచింది గాని కొరకలేకపోయింది, దవడ పక్కకు జారిపోయింది. అప్పుడు గాని నేను పని మానుకుని ఇక్కడికి బయల్దేరలేదు. చేతులు కాలాక ఆకులు.

నా భార్య ఫోను చేసింది. వాళ్ల కంపెనీలో టీ విరామం పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో టీ తాగకుండా నాకు చేసింది. “ఏమన్నారు?” అంటే, “ఇంకా ఏమనలేదు, ఫోటో తీస్తున్నారు,” అన్నాను. “అది తట్టుకుంటుందా?” అంది. నాకు తెలియదు అన్నాను. ఆ మాట ఆవిడకు కొత్త. “ఏమైంది నీకు?” అంది మెల్లగా. అద్దం అని చెప్పాలి. మన అద్దం, ఆ అద్దమే, నేనే అని. ఎదురుగా అమ్మడు నా మొహమే చూస్తోంది. ఏం లేదు, తర్వాత చెప్తాను అన్నాను. “పిల్లను ఏడవనివ్వకు,” అంది ఆవిడ. ఏడవనివ్వకు అంటే చాలు, నేను చూసుకుంటానని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం పాడుగాను.

నాకు కావలసింది ఒకటే. మేస్త్రి బతకాలి. బతక్కపోతే, ఎందుకు బతకలేదో అమ్మడికి తెలియకూడదు. తెలిస్తే అది నన్ను ఏమీ అనదు, అదే నా భయం. ఆ అద్దం నాకోసమే కదా పెట్టావు అంటుంది. అక్కడితో ఆగదు. నేను కాకుండా ఇంకో పిల్ల ఉంటే మామూలు కిటికీ ఉండేది, తెరిచి పెట్టేవాళ్లు, మేస్త్రి బాగుండేది అనుకుంటుంది. పైకి అనకపోయినా లోపల పెట్టుకుంటుంది. నాలుగేళ్ల వయసు నుంచి అది చాలా లోపల పెట్టుకుంటోంది, బడిలో ఆటల పిరియడ్‌లో గదిలో ఒంటరిగా కూర్చుని ఏం చేస్తావమ్మా అంటే, ఎవరి అన్నం డబ్బాలో ఏముందో వాసన చూసి కనిపెడతాను అని నవ్విస్తుంది. నవ్వించడం వేరు, నవ్వడం వేరు. కాబట్టి ఈ తల కదలకూడదు. డాక్టరు దగ్గర ఏం చెప్పాలో కూడా తయారుచేసుకున్నాను. తిండి అని చెప్పాలి. ఆకుల్లో సున్నం, అదే కాల్షియం, తక్కువైందండీ, నాకు తెలీక దోసకాయ ఎక్కువ పెట్టాను అని. దోసకాయ నేనే తరిగాను, కాబట్టి నేరం నా ఒక్కడిదే అవుతుంది. ఎక్కడ ఉంచుతారు అంటే పెరట్లో అని. మాకు పెరడే లేదు. అమ్మడు పక్కనే ఉంటుంది. అది నా మొహం చూసి, ఎందుకు నాన్నా అబద్ధం చెప్పావు అని అడుగుతుంది, ఇంటికెళ్లే దారిలో, మెల్లగా. ఎటు తిప్పినా గోడే.

తలుపు తెరుచుకుంది. చిలక ఎవరూ అంది. అసిస్టెంటు అమ్మాయి బయటికి వచ్చి, “తాబేలు వాళ్లు ఇంకో పది నిమిషాలు ఆగాలండీ, ఎక్స్‌రే మళ్లీ తీస్తున్నాం,” అంది. ఎందుకండీ అన్నాను. “మొదటిది తెల్లగా రాలేదు. మిషను తప్పేమో అని.” మిషను తప్పు కాదు. నాకు అప్పుడే తెలిసిపోయింది, ఎలా తెలిసిందో చెప్పలేను. చేతిలో మంచి అద్దం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూస్తే అసలు ఏమీ లేనట్టు ఉంటుంది, అలా ఉండి ఉంటుంది లోపల. ఎముక ఉండాల్సిన చోట కిరణం అడ్డం లేకుండా దాటిపోయి ఉంటుంది. ఆగాల్సిన చోట ఆగలేదు, రావాల్సిన చోట రాలేదు. ఎదురుగా అమ్మడు చేతి తొడుగు ఒకటి తీసి, మళ్లీ తొడుక్కుంది. దానికి భయమేసినప్పుడు చేసే పని అది. పక్కన కూర్చోబెట్టుకుని భుజం మీద చెయ్యి వేద్దామంటే పక్కనంతా ఎండ. లేచి దాని పక్కకు వెళదామంటే వెనక నాలుగో వాక్యం. కన్నతండ్రి నాలుగడుగుల దూరంలో దిష్టిబొమ్మలా కూర్చుని ఉండటం తప్ప ఏమీ చేయలేకపోవడం అంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో తెలిసింది.

“తాబేలు వాళ్లు రండి.”

లేవాలి. ముందు అమ్మడిని పంపి, అది తలుపు దాటాక లేద్దామనుకున్నాను. “నువ్వు పదమ్మా,” అన్నాను. “నడుం నొప్పి అన్నావుగా, లేపుతాను,” అని అది నా దగ్గరికే వచ్చింది. ఎండ పడుతున్న బల్ల దగ్గరికి, టోపీ కిందికి లాక్కుని, చెయ్యి చాపి. ఆ చెయ్యి పట్టుకుని లేచాను. ఇంక ఏం చేయను. లేచాక దాని భుజం పట్టుకుని గబగబా తలుపు వైపు నడిపించాను. తల వెనక్కి తిప్పిందో లేదో నేను చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది.

డాక్టరమ్మ పొట్టిగా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మాట తుంచినట్టు మాట్లాడే మనిషి. బల్ల మీద తువ్వాలు, తువ్వాలు మీద మేస్త్రి, కళ్లు మూసుకుని. గోడ మీద వెలుగుతున్న పలకకు ఎక్స్‌రే తగిలించి ఉంది. “ఇది తల, ఇవి కాళ్లు. చుట్టూ అంచు తెల్లగా, గట్టిగా కనపడాలి. కనపడుతోందా?” అంది. లేదండీ అన్నాను. “డిప్ప అంటే పైన పెట్టిన మూత కాదండీ. దాని వెన్నూ పక్కటెముకలూ కలిసి అల్లుకుని అయిందే డిప్ప. ముట్టుకుంటే దానికి తెలుస్తుంది. పెరిగేటప్పుడు పైన పలక ఒకటే పెరిగితే చాలదు, కింద ఎముక గట్టిపడాలి. ఏం పెడుతున్నారు?” పెట్టే ఆకులన్నీ అమ్మడు గుక్క తిప్పుకోకుండా చెప్పింది, రోజు విడిచి రోజు వేసే సున్నం పొడితో సహా. “తిండి బాగానే పెట్టారు. సున్నం లోపలికి వెళ్లింది, ఒంటికి పట్టలేదు,” అంది డాక్టరమ్మ. నా దోసకాయ అక్కడే పోయింది. “ఎక్కడ ఉంచుతారు దీన్ని?”

పెరట్లో అనే మాట నాలిక చివర దాకా వచ్చింది.

“కిటికీ దగ్గరండీ,” అంది అమ్మడు. “పొద్దున ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా. ఒక్క రోజు కూడా మానలేదు. అద్దం మూసే ఉంటుంది.”

అద్దం సంగతి ఎవరూ అడగలేదు. అప్పుడు తెలిసింది నాకు, అది తల తిప్పిందని, చదివిందని. తువ్వాలు అంచు సర్దుతూ చెప్పింది ఆ మాట, నా వైపు చూడలేదు. “తెరిస్తే నాకు దద్దుర్లు వస్తాయండీ, అందుకని మూసి ఉంచుతారు,” అంది. డాక్టరమ్మ మొదటిసారి దాని టోపీ, చొక్కా చేతులు, తొడుగులు చూసింది. నేను ఊరుకోలేకపోయాను. “దానికేం తెలీదండీ. అద్దం నేను బిగించాను. తాబేలును అడిగి తెచ్చిందీ నేనే, అక్కడ పెట్టిందీ నేనే. దాని డిప్ప మెత్తగా ఉందని ఈ పిల్ల చెప్పింది కూడా. నేనే పట్టించుకోలేదు,” అన్నాను. గొంతు పెద్దదైపోయింది, గది అవతల చిలక ఎవరూ అని అరిచింది. “అరవకు నాన్నా, మేస్త్రి భయపడుతుంది,” అంది అమ్మడు.

డాక్టరమ్మ తప్పొప్పుల జోలికి పోలేదు. రోజూ సూదిమందు వెయ్యాలంది. రోజుకు పది గంటలు ఒక ప్రత్యేకమైన దీపం కింద ఉంచాలంది, ఎండలో ఉండే ఆ కిరణాలే దాంట్లోనూ ఉంటాయి అని మొదలుపెట్టి, మళ్లీ పిల్ల తొడుగుల వైపు చూసి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయనక్కర్లేదు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఒకరికి ప్రాణం పోసేది ఒకరిని కాలుస్తుంది, ఇద్దరూ నా ఇంట్లోనే ఉన్నారు, ఒకే బల్ల మీద కూర్చుంటారు. “దీపం వెలిగే గదిలో నేను ఉండకూడదు, అంతేనా?” అంది అమ్మడు. “అంతేనమ్మా.” “ఆర్పాక ముట్టుకోవచ్చా?” “ఆర్పితే అది నిద్రపోతుంది.” అమ్మడు ఆలోచించి, “అయితే ముట్టుకోను లెండి, ఊరికే పక్కన ఉంటాను,” అంది. ఇంక నేను అక్కడ నిలబడలేననిపించింది. కానీ నాకు చాతనైన పని ఒకటే ఉంది లోకంలో, సిగ్గు విడిచి అదే అడిగాను. “మధ్యలో అద్దం పెడితేనండీ? దీపాన్నీ తాబేలునూ లోపల పెట్టి, చుట్టూ, పైనా మా కిటికీకి పెట్టిన రకం అద్దంతో పెట్టె కడితే? ఆ కిరణాలు లోపలే ఉంటాయి. పిల్ల బయట కూర్చుని పగలంతా చూడొచ్చు.” ఏ అద్దం దాన్ని ఇంతదాకా తెచ్చిందో మళ్లీ ఆ అద్దం పేరే ఎత్తుతున్నాను. డాక్టరమ్మ, గాలి ఆడేలా వదిలి, సందుల్లోంచి దీపం వెలుతురు పడకుండా చూసుకుంటే కట్టొచ్చంది.

“ఎంత కొలతలో కట్టమంటారు?”

ఆవిడ సూది సీసాలోకి గుచ్చి, మందు లాగి, గాలి బుడగ పోయేలా గోటితో కొట్టింది. “ప్రస్తుతానికి చిన్నది చాలు. మూడు వారాలు గడవనివ్వండి. మరీ ఆలస్యమైంది, నేను మాట ఇవ్వలేను.” ఆ చివరి మాటలు నాతో మెల్లగా అంది గాని, ఆ గది అంత పెద్దదేం కాదు.

అమ్మడు మేస్త్రి మొహం దాకా వంగి ఉంది. “బాగైతే తాబేళ్లు ఎన్నేళ్లు బతుకుతాయండీ?” అంది లేవకుండానే.

“బాగైతే అరవై, డెబ్భై ఏళ్లు.”

“పట్టుకోండి,” అని నాతో అంది డాక్టరమ్మ సూది చేతిలోకి తీసుకుని. రెండు చేతులా పట్టుకున్నాను. ఎంత మెల్లగా పట్టుకున్నా డిప్ప నా వేళ్ల కింద కొంచెం లోపలికి పోయింది.

“చిన్నది వద్దు నాన్నా,” అంది అమ్మడు. “పెద్దదే కట్టు. డెబ్భై ఏళ్లు అందులోనే తిరగాలి కదా.”

అలాగేనమ్మా, పెద్దదే కడతాను అన్నాను.